అన్నం, వ్యాధి, సహజీవనం: యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన – ఇందూరు, బోధన్ నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) గురించి తెలుగులో ప్రచారంలో ఉన్న రచనలు ఎక్కువగా ఆవిష్కరణల జాబితాగానో, దక్కని గుర్తింపును తలచుకునే ఆవేదనగానో సాగుతాయి. భాస్వరం కొలత, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం, హెట్రాజాన్, ఆరియోమైసిన్ అనే అంశాల మధ్య ఉన్న ఆలోచనా సంబంధం వాటిలో మరుగున పడుతుంది. ఒక ప్రాణి దేనిని తిని బతుకుతుంది, ఆ ఆహారాన్ని ఎవరితో పంచుకుంటుంది అన్న ప్రశ్నే ఆ సంబంధమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. డిచ్‌పల్లి కుష్ఠువ్యాధి ఆసుపత్రి, బోధన్ చెరకు భూములు, బోదకాలు సమస్య ఆధారంగా ఆ ప్రశ్నను చర్చించి, వ్యాధిని వర్ణించే తెలుగు పదజాలాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యల్లాప్రగడ సుబ్బారావు, జీవక్రియ, ఫోలిక్ ఆమ్లం, పరాన్నజీవనం, సహజీవనం, డిచ్‌పల్లి, బోధన్, శాస్త్రపదజాలం.

1. ఉపోద్ఘాతం:

శాస్త్రవేత్తల జీవితాలను తెలుగులో చెప్పేటప్పుడు వారి జీవితానికి లభించినంత చోటు వారి ఆలోచనకు లభించదు. యల్లాప్రగడ సుబ్బారావు విషయంలో ఈ అసమానత స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో, పోటీపరీక్షల ప్రశ్నల్లో, జయంతి వ్యాసాల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఏ మందు వెనుక ఆయన ఉన్నారో చాలామందికి తెలుసు. ఆ మందులన్నీ ఒకే పరిశోధకుడి పర్యవేక్షణలో ఎందుకు వెలువడ్డాయన్నది మాత్రం చర్చకు రాలేదు.

సుబ్బారావు జీవితానికి నిజామాబాద్‌తో ప్రత్యక్ష సంబంధం ఉందని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆయన పుట్టింది భీమవరంలో, చదివింది రాజమహేంద్రవరం, మద్రాసులలో, పరిశోధన సాగించింది అమెరికాలో. అయితే ఒక శాస్త్రభావన తెలుగులోకి ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే దానిని ఒక నిర్దిష్టమైన నేల మీద నిలబెట్టి చూడాలి. ఇందూరుగా పేరొందిన నిజామాబాద్, దాని పక్కనున్న బోధన్ అందుకు అనువైన ప్రాంతాలు. చక్కెర, కుష్ఠువ్యాధి చికిత్స ఈ ప్రాంత చరిత్రలో భాగాలు. ఈ రెండింటినీ అర్థం చేసుకోవడానికి సుబ్బారావు పనిచేసిన జీవక్రియాశాస్త్రమే ఆధారం.

2. ప్రచారంలో ఉన్న జీవితకథ – దాని పరిమితులు:

సుబ్బారావు కథను చెప్పే వ్యాసాల క్రమం దాదాపు ఒకే విధంగా ఉంటుంది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడో ప్రయత్నంలో గట్టెక్కడం, స్ప్రూ వ్యాధితో సోదరుణ్ణి పోగొట్టుకోవడం, మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవడం, ఆయుర్వేద కళాశాలలో బోధన, హార్వర్డ్‌లో పేదరికం, 1940లో లెడర్లే సంస్థలో చేరిక, 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో మరణం. చివరన నోబెల్ బహుమతి రాలేదన్న బాధ, 1995లో వెలువడిన తపాలా బిళ్ల ప్రస్తావన ఉంటాయి.

ఈ సంఘటనలు వాస్తవాలే. వాటిని కూర్చిన తీరులో మాత్రం రెండు లోపాలున్నాయి. మొదటిది, శాస్త్రకృషిని వస్తువుల పట్టికగా మార్చడం. ఫోలిక్ ఆమ్లం ఒక వస్తువు, మెథోట్రెక్సేట్ మరొకటి, టెట్రాసైక్లిన్ ఇంకొకటి అన్నట్లు ఈ పట్టిక సాగుతుంది. ఒకటి మరొకదానికి ఎలా దారి తీసిందో అందులో కనిపించదు. రెండవది, బృందకృషిని ఏకవ్యక్తి విజయంగా చూపడం. ఆరియోమైసిన్‌ను వెలికితీసినవారు వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. హెట్రాజాన్‌పై 1947లో వెలువడిన పరిశోధనపత్రంలో రెడ్జినల్ హ్యూయిట్ మొదలైన సహపరిశోధకుల పేర్లున్నాయి. వీటిలో సుబ్బారావు పాత్ర పరిశోధనా సంచాలకుడిది. ఆ పాత్ర చిన్నది కాదు. ఏ ప్రశ్నను వెంబడించాలో, దేనికి మనుషులను, కాలాన్ని వెచ్చించాలో నిర్ణయించే పాత్ర అది. ఆయనకు అన్నిటినీ కట్టబెట్టే ప్రశంస ఆయన నిజంగా చేసిన ఈ పనిని గుర్తించకుండా చేస్తుంది.

అందువల్ల అడగవలసిన ప్రశ్న ఆయన ఎన్ని కనిపెట్టారన్నది కాదు. హార్వర్డ్‌లో కండరాన్ని పరిశీలించిన వ్యక్తి లెడర్లేలో రక్తహీనత, క్యాన్సర్, బోదకాలు వంటి భిన్నమైన సమస్యల వైపు ఎలా వెళ్లగలిగారన్నది.

3. కొలత నుంచి జీవక్రియకు:

సమాధానం ఆయన తొలి పరిశోధనలోనే దొరుకుతుంది. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు ప్రకటించిన పద్ధతి రంగు గాఢతను బట్టి రక్తంలో, మూత్రంలో ఉన్న భాస్వరాన్ని కొలిచేది. పరిమాణాన్ని సులభంగా, నమ్మకంగా కొలిచే ఈ పద్ధతి ప్రపంచ ప్రయోగశాలలన్నిటా వాడుకలోకి వచ్చింది. ఆ కొలతలోనే కండరంలో ఒక అస్థిరమైన భాస్వర సమ్మేళనం ఉన్నట్లు బయటపడింది. అదే 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో అదే జంట కండరం నుంచి ఏటీపీని వేరుచేసింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతం ఈ పరిశోధనలతోనూ, తరువాతివాటితోనూ బలహీనపడింది.

తెలుగు పాఠ్యపుస్తకాలు ఏటీపీని ‘శక్తి కరెన్సీ’ అంటాయి. ఈ రూపకం సగమే సరైనది. కరెన్సీని దాచుకోవచ్చు. ఏటీపీని శరీరం దాచుకోలేదు. ఒక సమయంలో శరీరంలో ఉండే ఏటీపీ కొన్ని పదుల గ్రాములే అయినా, అది మళ్లీ మళ్లీ తయారై ఒక రోజులో తిరిగే మొత్తం మనిషి బరువుకు దాదాపు సమానం. ఫాస్ఫోక్రియాటిన్ కొన్ని క్షణాలకు సరిపోయే ఆసరా మాత్రమే. చెరకు గడను నరికే చేయి పైకి లేచిన మొదటి క్షణాల్లో ఖర్చయ్యేది ఆ ఆసరా. ఆ తరువాత చేయి ఆడాలంటే తిన్న అన్నం ఎప్పటికప్పుడు ఏటీపీగా మారుతూ ఉండాలి. జీవక్రియ అంటే నిల్వ కాదు, ఆగని మార్పిడి.

బోధన్ ప్రాంతానికి ఈ భేదం పరాయిది కాదు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఇక్కడ చెరకు విస్తరించింది. 1937లో శక్కర్‌నగర్‌లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదిగా పేరు పొందింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఈ నేల మీద ‘షుగర్’ అన్న మాట ఒక ఫ్యాక్టరీకి పేరు, ఒక జబ్బుకూ పేరు. ‘ఆయనకు షుగర్ ఉంది’ అన్న వాడుకలో జీవక్రియ లోపం ఒక పదార్థంగా కుదించుకుపోతుంది. చక్కెర అందరి రక్తంలోనూ ఉంటుంది. లోపం ఉన్నది దానిని కణంలోకి చేర్చి వినియోగించుకునే క్రమంలో. పదార్థాన్ని నిందించి క్రమాన్ని మరచే ఈ అలవాటు సుబ్బారావు జీవితకథల్లోని జాబితాలకూ మూలం.

4. ఫోలిక్ ఆమ్లం – పంచుకున్న అన్నం:

సోదరుని ప్రాణం తీసిన స్ప్రూ వ్యాధిలో పేగులు పోషకాలను గ్రహించలేవు. ఫలితంగా రక్తహీనత వస్తుంది. ఈ జ్ఞాపకమే సుబ్బారావును ఫోలిక్ ఆమ్లం వైపు నడిపించిందని జీవితకథలు చెబుతాయి. ఆ దారిలో ఆయనకు ముందు నడిచినవారున్నారు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. 1941లో అమెరికా పరిశోధకులు పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అన్న అర్థమిచ్చే లాటిన్ పదం నుంచి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. లెడర్లేలో స్టోక్‌స్టాడ్ మొదలైనవారు దానిని శుద్ధి చేయగా, 1945లో సుబ్బారావు నేతృత్వంలోని బృందం కృత్రిమంగా తయారు చేసినట్లు ప్రకటించింది.

తెలుగు వ్యాసాలు సాధారణంగా వదిలేసే విషయం ఒకటుంది. ఈ పదార్థం ఉన్నదీ లేనిదీ ప్రయోగశాలలో తేల్చినది ఒక బాక్టీరియా. పాలను పులియబెట్టే కుటుంబానికి చెందిన లాక్టోబాసిల్లస్ కేసీ ఫోలిక్ ఆమ్లం లేనిదే పెరగదు. అది ఎంత పెరిగితే నమూనాలో ఆ పదార్థం అంత ఉన్నట్లు లెక్క. మనిషి రక్తానికి ఏది అవసరమో ఒక సూక్ష్మజీవి ఆకలి ద్వారా తెలుసుకున్నారు. 1925లో రంగు చేసిన పనిని ఇక్కడ ఒక ప్రాణి పెరుగుదల చేసింది. కొలతే రెండు దశలనూ కలిపే సూత్రం.

దాని పర్యవసానం మరింత లోతైనది. కొత్త కణం పుట్టాలంటే ఫోలేట్ కావాలి. ఎర్రరక్తకణానికి మూలమైన కణం దానితోనే పెరుగుతుంది, ల్యుకేమియా కణమూ దానితోనే పెరుగుతుంది. ఫోలిక్ ఆమ్ల సమ్మేళనాలు ఇచ్చినప్పుడు పిల్లల్లో ల్యుకేమియా ఉధృతమైనట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. ఆ తరువాత లెడర్లే అందించిన ఫోలిక్ ఆమ్ల ప్రతిరోధకం అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లల్లో వ్యాధి తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ అదే కోవకు చెందిన మందు. రక్తహీనతకు మందు, క్యాన్సర్‌కు మందు అని రెండు వరుసల్లో రాసే జాబితా ఈ తర్కాన్ని చూపలేదు. ఒకచోట లోపించిన అన్నాన్ని అందించడం, మరొకచోట అదే అన్నాన్ని పోలిన నకిలీతో ఆకలిని మోసగించడం. రెండూ ఒకే జ్ఞానానికి రెండు వైపులు.

5. డిచ్‌పల్లి – ‘పరాన్నజీవి’ అన్న మాట బరువు:

నిజామాబాద్‌కు సమీపంలోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠువ్యాధి ఆసుపత్రి మొదలైంది. స్కాట్లాండ్‌కు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దీని స్థాపకులు. స్థానిక దాత నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం దానికి పునాది. ఆ కాలంలో చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లే ప్రధాన చికిత్స. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాకే కుష్ఠువ్యాధి చికిత్స స్వరూపం మారింది.

వాటిలో ముఖ్యమైన డాప్సోన్ పనిచేసే తీరు మళ్లీ ఫోలేట్ దగ్గరకే చేరుస్తుంది. మనిషి ఫోలేట్‌ను తయారు చేసుకోలేడు. ఆహారం నుంచి తీసుకోవాలి. పేగుల్లోని బాక్టీరియా కూడా కొంత తయారు చేస్తుంది. కుష్ఠువ్యాధి బాక్టీరియా తన ఫోలేట్‌ను తానే తయారు చేసుకోవాలి. డాప్సోన్ ఆ తయారీని అడ్డుకుంటుంది. తయారీయే లేని మనిషికి ఆ అడ్డు తగలదు. మందు పనిచేసేది ఈ భేదం మీద. ఇది సుబ్బారావు కనిపెట్టిన మందు కాదు. అయినా అది ఎందుకు పనిచేస్తుందో ఫోలిక్ ఆమ్ల పరిశోధన లేకుండా వివరించడం కష్టం.

2001లో వెలువడిన ఈ బాక్టీరియా జన్యుక్రమం మరొక విషయం చెప్పింది. దాని జన్యువులలో వెయ్యికి పైగా పనిచేయనివిగా మిగిలిపోయాయి. జీవక్రియకు సంబంధించిన అనేక సామర్థ్యాలను అది కోల్పోయింది. కృత్రిమ మాధ్యమంలో దానిని నేటికీ పెంచలేకపోవడానికి ఇదొక ప్రధాన కారణంగా భావిస్తారు. మనిషి నరాల కణాల్లో బతకడానికి అలవాటుపడి తనంతట తాను బతకగల శక్తిని వదులుకున్న ప్రాణి అది.

దీనికి తెలుగులో ఉన్న పదం ‘పరాన్నజీవి’. పరుల అన్నంతో జీవించేది అన్న విగ్రహవాక్యంలోనే జీవక్రియ ఉంది. శాస్త్రపదంగా ఇది ఎంతో సార్థకమైనది. లోకవ్యవహారంలో మాత్రం అది తిట్టుగా మారి, పని చేయనివారికీ వలసవచ్చినవారికీ తగిలించే మాటయింది. ‘కుష్ఠు’ అన్న మాట కూడా అలాగే సామాజిక దురాచారాలకు ఉపమానంగా రచనల్లో స్థిరపడింది. సూక్ష్మజీవిని శత్రువుగా, చికిత్సను యుద్ధంగా చెప్పే భాష మెల్లగా వ్యాధి సోకిన మనిషినే శత్రువుగా చూపుతుంది. దీని ఫలితం మాటల దగ్గర ఆగలేదు. కుష్ఠువ్యాధిని విడాకులకు కారణంగా అంగీకరించిన వ్యక్తిగత చట్టాలను 2019లో గాని సవరించలేదు. బహుళ ఔషధ చికిత్స వచ్చి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. మందు దేహాన్ని నయం చేసిన చాలాకాలానికి గాని భాష, చట్టం కదలలేదు. శాస్త్రరచనలో పదాల ఎంపిక కేవలం శైలికి సంబంధించిన విషయం కాదనడానికి ఇది నిదర్శనం.

6. బోదకాలు – సహజీవనానికి మరో ముఖం:

తెలంగాణ ప్రభుత్వం 2018లో బోదకాలు బాధితులకు కూడా ఆసరా పింఛను ఇవ్వడం మొదలుపెట్టింది. ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర సుబ్బారావు సంచాలకత్వంలో లెడర్లే తెచ్చిన హెట్రాజానే. ఆ మందును ఫైలేరియా పిల్లపురుగుల మీద పరీక్షనాళికలో ప్రయోగిస్తే ప్రభావం అంతగా కనిపించదు. శరీరంలో రోగనిరోధక వ్యవస్థతో కలిసినప్పుడే అది వాటిని రక్తం నుంచి తొలగిస్తుంది. మందును ఆయుధమనడం కన్నా శరీరానికి సహకారి అనడం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

తరువాతి పరిశోధనలు మరో పొరను విప్పాయి. బోదకాలు కలిగించే పురుగు శరీరంలో వోల్బాకియా అనే బాక్టీరియా ఉంటుంది. పురుగు సంతానోత్పత్తికి, మనుగడకు అది అవసరం. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌తో ఆ బాక్టీరియాను తొలగిస్తే పెద్దపురుగులు కూడా క్రమంగా చనిపోతాయని 2005లో టాంజానియాలో జరిగిన చికిత్సా పరీక్ష చూపింది. ఈ కుటుంబంలో మొదటి మందు 1948లో లెడర్లే నుంచి వచ్చిన ఆరియోమైసిన్. అంటే ఒకే ప్రయోగశాల నుంచి దాదాపు ఒకే కాలంలో వెలువడిన రెండు మందుల్లో ఒకటి పురుగుకు, మరొకదాని వంశం ఆ పురుగు సహజీవికి ముగింపు పలికేవయ్యాయి. సుబ్బారావు దీనిని ఊహించారనడం చరిత్రకు అన్యాయం. 1948లో ఈ సంబంధం ఎవరికీ తెలియదు. 1924లో దోమల్లో ఈ బాక్టీరియాను మొదట గుర్తించిన హెర్టిగ్, వోల్‌బాక్ కూడా హార్వర్డ్‌కు చెందినవారే కావడం యాదృచ్ఛికం. అయితే పోషక సంబంధాల ద్వారా వ్యాధిని పరిశీలించే పద్ధతి ఆవిష్కర్త జీవితకాలాన్ని దాటి ఫలించగలదని ఈ ఉదాహరణ చెబుతుంది.

‘సహజీవనం’ అన్న పదాన్ని కూడా ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. తెలుగులో అది సామరస్యాన్ని, మంచితనాన్ని స్ఫురింపజేస్తుంది. పత్రికల్లో పెళ్లి కాని దాంపత్యానికీ వాడతారు. జీవశాస్త్రంలో దానికి నైతికార్థం లేదు. పురుగుకూ వోల్బాకియాకూ మేలు చేసే సహజీవనం మనిషికి కాలువాపు. మరోవైపు చెరకు మొక్క లోపల నివసిస్తూ గాలిలోని నత్రజనిని స్థిరీకరించే ఒక బాక్టీరియాను 1988లో బ్రెజిల్‌లో యోహన్నా డోబెరైనర్ బృందం వర్ణించింది. రైతుకు అది మేలైన సంబంధం. ఒకే పదం ఈ రెండింటినీ వర్ణిస్తుంది. మేలు, కీడు అన్నవి సంబంధంలో ఎవరి పక్షాన నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి మారతాయి.

7. ఒక ఆక్షేపణ – సమాధానం:

వాణిజ్య సంస్థలో అనేక బృందాలు చేసిన పనిలో ఒకే ఆలోచనను వెతకడం విమర్శకుని కల్పన కాదా అన్న ఆక్షేపణకు ఇక్కడ అవకాశం ఉంది. లెడర్లే మందులమ్మే సంస్థ. ఏ పరిశోధన సాగాలన్నది మార్కెట్ కూడా నిర్ణయించింది. ఆరియోమైసిన్ అన్వేషణ నేలలోని సూక్ష్మజీవులను జల్లెడ పట్టడం నుంచి వచ్చింది, జీవక్రియా సిద్ధాంతం నుంచి కాదు. ఈ వాదనలో బలముంది. అందుకే ఇక్కడ చెబుతున్న ఏకత్వాన్ని అన్ని ఆవిష్కరణలకూ సమానంగా వర్తింపజేయకూడదు. భాస్వరం నుంచి ఫోలిక్ ఆమ్లం, ప్రతిరోధకాల వరకు అది బలంగా ఉంది. హెట్రాజాన్, ఆరియోమైసిన్ల దగ్గర అది పలచబడి, తరువాతి శాస్త్రం వల్లే మళ్లీ కనిపిస్తుంది. ఈ తేడాను గుర్తించడం సుబ్బారావు స్థాయిని తగ్గించదు. స్తుతికి బదులు అంచనాను సాధ్యం చేస్తుంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• సుబ్బారావు కృషిలోని ప్రధాన భాగాన్ని కలిపే సూత్రం కొలత ఆధారిత జీవక్రియా పరిశీలన. తెలుగు జీవితకథలు దీనిని జాబితాగా విడదీశాయి.

• ఫోలిక్ ఆమ్లం రక్తకణానికి, క్యాన్సర్ కణానికి, బాక్టీరియాకు ఉమ్మడి అవసరం. ఆహారం, ఔషధం, విషం అన్న విభజన ఇక్కడ పనిచేయదు.

• ‘పరాన్నజీవి’, ‘సహజీవనం’ అన్న పదాలు శాస్త్రార్థంలో సమర్థమైనవి. వాటికి అంటిన నైతికార్థాన్ని వేరుచేసి వాడకపోతే ఆ భారం రోగుల మీద పడుతుంది.

• ఆవిష్కరణలను సహపరిశోధకుల పేర్లతో చెప్పడం సుబ్బారావు సంచాలక పాత్రను మరింత స్పష్టం చేస్తుంది.

డిచ్‌పల్లిలో ఇప్పుడు ఆ ఆసుపత్రితో పాటు 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయమూ ఉంది. ఈ ప్రాంత విద్యార్థికి సుబ్బారావును పరిచయం చేయవలసివస్తే భీమవరం బాల్యంతోనో, రాని బహుమతితోనో మొదలుపెట్టనవసరం లేదు. ఆసుపత్రిలో ఇచ్చే డాప్సోన్ మాత్ర రోగిని వదిలి బాక్టీరియాను మాత్రమే ఎందుకు పట్టుకుంటుందన్న ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు. దానికి సమాధానం చెప్పగలిగే తెలుగు వచనం తయారైనప్పుడు ఆయన పరిశోధన తెలుగులోకి వచ్చినట్లు భావించవచ్చు.